వెనక్కి నడపడం ఎవరు నేర్పాలి

నా మనవడికి ట్రైలర్‌ను వెనక్కి నడపడం నేర్పకుండానే, నువ్వు డ్రైవరువైపోయావు పో అని బండి చేతికిచ్చారు. ఇది తప్పు. చిన్నాచితకా తప్పు కాదు, మనిషి ప్రాణం మీదికి తెచ్చే తప్పు. ఎవరి తప్పు అని అడిగితే మాత్రం ఈరోజుకీ నేను వేలెత్తి చూపలేను. చూపబోయిన ప్రతిసారీ ఎదురుగా ఉన్న మనిషి పక్కకు జరిగేవాడు, అతని వెనక ఇంకొకడు కనబడేవాడు. ఇంకొకడి వెనక ఎవరూ ఉండేవారు కాదు.

మనవడంటే నా కూతురి కొడుకు. వ్యాసర్పాడిలో మా ఇంట్లోనే పెరిగాడు. తెలుగులో మొదలుపెట్టిన మాటను అరవంలో ముగిస్తాడు, కోపమొస్తే మొత్తం అరవమే. హెవీ లైసెన్సు తీసుకుని, హార్బరు నుంచి కంటైనర్లు తోలే ఒక కంపెనీలో చేరాడు. చేరిన వెంటనే బండి ఇవ్వలేదు. ఆన్-రోడ్ ట్రైనింగ్ అని పేరు పెట్టి, ఒక ట్రైనర్ పక్కన కూర్చోబెట్టి కొన్ని వారాలు రోడ్డు మీద తిప్పారు. ఆ మాట విని నేను ఎంతో సంతోషపడ్డాను. మా కాలంలో లేని మర్యాద ఇది. పిల్లవాణ్ణి తన్నకుండా, తిట్టకుండా, చొక్కా మీద కంపెనీ బొమ్మ కుట్టించి ఇచ్చి నేర్పుతారట. కాలం బాగుపడింది అని నలుగురితో చెప్పాను కూడా.

నేనూ లారీ తోలినవాణ్ణే. బడి ముఖం చూడలేదు. అక్షరాలు ఎలా వచ్చాయో తర్వాత చెబుతాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి నెత్తళ్ళ పులుసు చేసింది. వాడు కూర్చుని తింటున్నాడు. రేపు కాదు, పై సోమవారం నుంచి ఒంటరిగా బండి తీస్తానని వాళ్ళమ్మతో చెబుతున్నాడు. నేను ఊరికే, మాట కలుపుదామని అడిగాను.

"రివర్సు బాగా పడిందా నీకు?"

వాడు ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "రివర్సు యార్డులో వేరే ఆళ్ళు తీస్తారు తాత. మేం గేటు కాడ దిగేస్తాం."

"యార్డులో సరేరా. సరుకు దించే కాడ?"

"అది అప్పుడు చూసుకుంటే పోలా."

నేను నా పళ్ళెం పక్కకు జరిపాను. "సరే, ఒకటి చెప్పు. బండి వెనక్కి పోతా ఉండాది. తోక ఎడం పక్కకి పోవాల. స్టీరింగు ఎటు తిప్పుతావు?"

"ఎడంకి." నా మొహం చూశాడు. "కుడికా?"

"నన్ను చూసి చెప్పొద్దు. నీకు తెలిసింది చెప్పు."

"తెలిస్తే నిన్నెందుకు చూస్తా?"

మా అమ్మాయి గరిటె పట్టుకుని వచ్చింది. "నాయనా, కూటి కాడ వాడికి పరీక్ష పెట్టొద్దు. తిననీ."

పరీక్ష కాదమ్మా అని, నేను రెండు అగ్గిపెట్టెలు తెచ్చి పిన్నీసుతో కలిపి చాప మీద పెట్టాను. ముందరిది ఇంజను బండి, వెనకది ట్రైలర్. ఇట్లా, అని ముందరి పెట్టెను వెనక్కి నెట్టాను. రెండూ కలిసి మోచేయి మడిచినట్టు మడుచుకున్నాయి. మళ్ళీ నెట్టాను. ఈసారి అటు మడుచుకున్నాయి. ఎన్నిసార్లు నెట్టినా నేరుగా పోవు. నేను జీవితమంతా తోలింది ముందూ వెనకా ఒకటే దేహంగా ఉండే లారీ. దానికి ఎటు తిప్పితే తోక అటే పోతుంది. మధ్యలో కీలు ఉన్న బండి నేనెప్పుడూ తోలలేదు. దాని తోక నడిపేవాడికి అడ్డం తిరుగుతుందని వినికిడి మాత్రం ఉంది.

మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "నీకే రాకపాయె, వాణ్ణి తిడతా ఉండావు."

"నాకు రాకపోతే ఏం? నాకెవరూ బండి ఇయ్యలేదు. వాడికి ఇచ్చినారు."

ఆ మాటకు ఇద్దరూ నవ్వు మానేశారు.

వెనక్కి పోయే బండి అంటే నాకు భయం, ఇది వయసుతో వచ్చిన భయం కాదు. ముందుకు పోయే బండి కింద పడ్డవాళ్ళను చూశాను. వెనక్కి వచ్చే బండికీ గోడకూ మధ్య ఇరుక్కున్నవాళ్ళను ఇంకా ఎక్కువగా చూశాను. వాళ్ళలో ఎక్కువమంది దారిన పోయేవాళ్ళు కూడా కాదు, "రా, రా, ఇంకా రా" అని చేతులూపుతూ నిలబడ్డవాళ్ళు.

మా గురువు నాకు స్టీరింగు ముట్టుకోనివ్వడానికి ముందు నడవడం నేర్పాడు. నేను చూలైలో ఒక లారీ షెడ్డులో క్లీనరుగా చేరాను. ఆయన నెల్లూరు వైపు మనిషి, బియ్యం బస్తాలు, కాగితం చుట్టలు తోలేవాడు. నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా. ఏ సందు ముందుకు వచ్చినా బండి ఆపి, ఇంజను ఆర్పి, "దిగు. నడిచి రా" అనేవాడు. సందు చివరి దాకా నడిచి వచ్చి, ఏం చూశానో చెప్పాలి.

చింతాద్రిపేటలో ఒక సందు బాగా గుర్తు. పాత నేతగాళ్ళ ఇళ్ళు, అరుగులు వీధిలోకి చొచ్చుకుని ఉండేవి.

"ఏముండాది?" అన్నాడు గురువు.

"కాలవ ఉండాది."

"మూత ఉండాదా?"

మళ్ళీ పోయి చూసి వచ్చాను. "ఉండాది."

"బరువు ఆనతాదా?"

మళ్ళీ పోయి దాని మీద ఎగిరి చూసి వచ్చాను. "ఆనతాది. అరుగు మీద ఒక అవ్వ కాళ్ళు చాపుకోని ఉండాది."

"ముడుచుకోమన్నావా?"

మళ్ళీ పోయాను. అవ్వ నన్ను తిట్టి, నా గురువును తిట్టి, అప్పుడు కాళ్ళు ముడిచింది. నేను వచ్చి చెప్పాకే ఆయన బండి వెనక్కి తీశాడు. నేను పక్కన నడుస్తూ బాడీ మీద అరచేత్తో కొట్టేవాణ్ణి. రెండు దెబ్బలు కొడితే రావచ్చు, ఒక దెబ్బ కొడితే ఆగాలి. ఆ దెబ్బ మీద ఆయన ఎంత నమ్మకం పెట్టేవాడంటే, అద్దం కూడా చూసేవాడు కాదు.

నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ నడకల్లోనే. చూలైలో ఒకే అంగడి పేరు అరవంలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉండేది. ఈ గుండ్రానికి ఆ గీత, ఆ గీతకు ఈ కొక్కెం అని పోల్చుకుంటూ నడిచేవాణ్ణి. సందు చూడమంటే బోర్డు చూసి వస్తావా అని తన్నులు కూడా తిన్నాను.

ఇది చెప్పి, మా కాలమే గొప్ప అని నేను అనబోవడం లేదు. ఆయన ఒక్కసారి కూడా ఎందుకో చెప్పలేదు. ఎందుకు అని అడిగితే వేస్టుగుడ్డతో మొహం మీద కొట్టేవాడు. స్టీరింగు నా చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. అన్నం వండించుకున్నాడు, కాళ్ళు పట్టించుకున్నాడు. అది శిక్షణా, వెట్టిచాకిరీయా? అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. మనవడి చొక్కా మీద బొమ్మ చూసి సంతోషపడింది అందుకే. కానీ ఆ బొమ్మ వెనక నడక లేదని తెలిసేసరికి ఆ సంతోషమూ పోయింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మాధవరం దాటి వాళ్ళ యార్డుకు పోయాను. మనవడికి చెప్పలేదు. గేటు దగ్గర కాపలావాడు ఏం కావాలి అన్నాడు. ట్రైనింగ్ చూసేవాళ్ళు కావాలి అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏజ్ లిమిట్ ఉందే పెద్దవరే" అన్నాడు. నేను చేరడానికి రాలేదయ్యా అని నమ్మించేసరికి ఎండ నెత్తికెక్కింది.

లోపల ఏసీ గదిలో ఒక ఆడపిల్ల. ట్రైనింగ్ పనులన్నీ ఆమెవే. నా మాట విని, "తెలుంగా? మా అమ్మమ్మ తెలుగే మాట్లాడతాది" అని కుర్చీ చూపించింది. నీళ్ళు ఇచ్చింది. ఆమె మర్యాదలో నాకు ఏ లోటూ కనబడలేదు, అదే నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. తిట్టడానికి సిద్ధపడి పోయినవాణ్ణి చల్లటి నీళ్ళు తాగి కూర్చున్నాను.

"మీ మనవడికి ట్రైనింగ్ ముగిసిపోయింది తాతా. ఎంత దూరం నడపాలో దానికన్నా ఎక్కువే నడిపినాడు. గుడ్ డ్రైవర్."

"ముందుకా, వెనక్కా?"

"ఎన్న తాతా?"

"ఆ దూరమంతా ముందుకు నడిపినాడా, వెనక్కి నడిపినాడా అంటున్నానమ్మా."

ఆమె జోకు అనుకుని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపింది. "మాది ఆన్-రోడ్ ట్రైనింగ్ తాతా. రోడ్డు మీద ఎవరన్నా వెనక్కి పోతారా? వెనక్కి పోతే దూరం లెక్కకే రాదు. రివర్స్ అంతా యార్డు ఆళ్ళది. అది వేరే డిపార్ట్‌మెంట్."

ఆమె చెప్పిన దాంట్లో తప్పు ఎక్కడుందో వెతికాను. రోడ్డు మీద వెనక్కి పోకూడదు, నిజమే. యార్డు వేరే, అదీ నిజమే. అన్నీ నిజాలే, మొత్తం కలిపితే మాత్రం అబద్ధం. అది ఎలా జరిగిందో నాకు బోధపడలేదు.

యార్డు వాళ్ళ దగ్గరికి పోయాను. అక్కడ మెడలో విజిల్ వేసుకున్న పెద్దమనిషి ఉన్నాడు, చిత్తూరు మాట. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటైనర్ల నీడలో నిలబడి మాట్లాడుకున్నాం.

"కొత్త పిలకాయల్ని ఈడ రివర్సు తియ్యనిస్తే ఇంకేమన్నా ఉండాదా?" అన్నాడు. "బాక్సులన్నీ నుజ్జు చేసిపెడతారు. యార్డులో మా ఆళ్ళు తప్ప ఇంకొకడు స్టీరింగు ముట్టగూడదు. రూలు."

"మరి వాళ్ళు యాడ నేర్చుకోవాల?"

"రోడ్డు మీద. అందుకే గదా ట్రైనింగు ఇచ్చేది."

"రోడ్డు మీద వెనక్కి పోగూడదంట గదా."

"పోగూడదు. పోతే పోలీసోడు పట్టుకుంటాడు."

"అయితే యాడ?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. విజిల్‌ను వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు ఆలోచించాడు. ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడిగినట్టు లేదు. ఆఖరికి, "కస్టమర్ కాడ" అన్నాడు. "సరుకు దించే కాడ. అందరూ ఆడనే నేర్చుకున్నారు. నీ మనవడూ ఆడనే నేర్చుకుంటాడు, భయపడబాక."

నేను భయపడడం ఆ మాటతోనే పూర్తిగా మొదలైంది. సరుకు దించేచోట మనుషులుంటారు. ఇక్కడ బాక్సులు నుజ్జు కాకూడదు గనక, అక్కడికి పోయి నేర్చుకోవాలన్నమాట. ఆయన ఆ అర్థంతో చెప్పలేదు, నాకు తెలుసు. ఏ అర్థంతో చెప్పాడో మాత్రం తెలియదు.

ఇంక మిగిలింది ట్రైనర్. యార్డు బయట టీ అంగడి దగ్గర దొరికాడు. శ్రీకాకుళం కుర్రాడు, ముప్ఫై కూడా ఉండవు, ఊరి నుంచి వచ్చి ఎంతోకాలం కాలేదని మాట వింటేనే తెలుస్తుంది. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి నాకు టీ చెప్పాడు.

"మీ మనవడు బంగారం తాతగారూ. ఈ కళ్ళతో ఎంతమందిని సూసాను, అంత మెత్తగా బ్రేకు తొక్కీవోడు ఇంకోడు నేడు."

"బ్రేకు సరేనయ్యా. రివర్సు ఎందుకు చూపించలేదు?"

"సెప్పానండీ. నోటితో సెప్పాను."

"నోటితో చెబితే చేతికి వస్తాదా?"

అతను టీ గ్లాసులోకి చూశాడు. "యార్డోళ్ళు ఒప్పరండీ."

"ఖాళీ జాగా నేను చూపిస్తా. ఒక్క పూట. నువ్వు పక్కన కూర్చుంటే చాలు. వాడు సోమవారం బండి ఎక్కేలోగా ఒక్క పూట. నేనింకేమీ అడగను."

"ఆదివారం వత్తాను తాతగారూ. తప్పకుండా వత్తాను. ఫోను సేస్తాను."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో వాణ్ణి మనసులో మెచ్చుకుంటూనే ఉన్నాను.

ఆదివారం ఫోను రాలేదు. నేను చేశాను, ఎత్తలేదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను, మోగి మోగి ఆగిపోయేది. ఈలోగా నేను యార్డుకు పోయిన సంగతి మనవడికి తెలిసిపోయింది. చొక్కా విప్పి కుర్చీ మీద విసిరేశాడు.

"ఎందుకు తాత పోయినావు ఆడికి? యార్డంతా నవ్వతా ఉండారు. నన్ను చూసి 'ముందుకా, వెనక్కా' అని కేకలేస్తా ఉండారు. అదే నా పేరైపోయింది."

"నవ్వితే నవ్వనీరా. నీకు రాదని చెప్పు. నేర్పితేనే ఎక్కుతానని చెప్పు."

"చెప్తే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. వాడికీ రాదు. విట్టురు తాత."

విట్టురు అంటే వదిలెయ్యమని. వదిలెయ్యడం నా వల్ల కాలేదు. వాడన్నదీ నిజమే. వాడు దిగితే ఇంకొక రాని వాడు ఎక్కుతాడు, ఆ ఎక్కినవాడు ఎవరి మనవడో. అప్పుడు నేను కాపాడింది ఎవరిని?

వాడి మొదటి సరుకు రెడ్ హిల్స్ దాటాక ఒక గోడౌనుకు. ఆ రాత్రి వాడు ఫోనులో దారి చూసుకుంటుంటే నేనూ చూశాను. పొద్దున వాడు డ్యూటీకి పోయాక నేను బస్సెక్కాను.

గోడౌను మెయిన్ రోడ్డు మీద లేదు, సందులో ఉంది. నేను సందు చివరి దాకా నడిచాను. ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్. ఒక చోట కాలవ మూత విరిగి ఉంది. గోడౌను గేటుకు ఎదురుగా పెద్ద గొడుగు కింద ఇడ్లీ బండి పెట్టుకుని ఒకామె, దాని పక్కన ప్లాస్టిక్ బిందెల వరస. గేటు ఎడమ పక్కకు ఉంది. మన బండ్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, ఎడమ పక్క అతనికి గుడ్డి పక్క. మొదటి రోజే ఇలాంటి గేటా అనుకున్నాను. ఆమె దగ్గర ఇడ్లీ తిన్నాను. అమ్మా, పెద్ద బండి వస్తుంది, కాస్త అవతలికి జరుపుకో అన్నాను. "రోజూ వచ్చేవే తాతా" అంది ఆమె అరవంలో.

బండి వచ్చింది. మనవడు నన్ను చూశాడు. కిటికీ అద్దం ఎత్తి ఉంది, లోపల ఏసీ. నోరు కదిలింది గానీ మాట వినబడలేదు. అద్దం దింపాక వినబడింది.

"నువ్వెందుకొచ్చినావు తాతా!"

"దిగు. ఒకసారి సందంతా నడిచి రా."

"టైము లేదు. ఇదిగో, లేటు లేటు అని ఫోను అరస్తానే ఉండాది."

"అరవనీ. దిగు."

వాడి వెనకే ఇంకొక ట్రైలర్ వచ్చి ఆగి, హారన్ మొదలుపెట్టింది. మనవడు నా వైపు చూశాడు, పక్కద్దంలో ఆ బండి వైపు చూశాడు, కిటికీ అద్దం ఎత్తేశాడు. బండిని గేటు దాటేదాకా ముందుకు తీసుకుని, వెనక్కి మొదలుపెట్టాడు.

నేను వెనక్కి పరిగెత్తి కంటైనర్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాను. ఇనుప పెట్టె అది, చెయ్యి మండింది. మూసిన అద్దాల వెనక, ఏసీ మోతలో, అంత దూరంలో ఉన్నవాడికి నా దెబ్బ ఏం వినబడుతుంది? తోక గేటు తప్పి ఎదురు పక్క ఇడ్లీ బండి వైపుకు పోతోంది. ఒక దెబ్బ కొట్టాను, ఆగమని. ఆగలేదు. ముందుకు పరిగెత్తి పక్కద్దంలో కనబడేలా నిలబడి, ఎడమకు తిప్పు, ఎడమకు అని చేతులూపాను. వాడు నన్ను నమ్మాడు. ఎడమకు తిప్పాడు. చాప మీద అగ్గిపెట్టెలు ఎలా మడుచుకున్నాయో అలా మడుచుకుంది బండి. తోక ఇంకా అటే పోయింది.

ఇడ్లీ బండామె పరిగెత్తలేదు. ముందు ఇడ్లీపాత్రను పొయ్యి మీద నుంచి ఎత్తుకుంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. ఆమె నెత్తి మీది గొడుగు కమ్మీ టప్పున విరిగింది. నేను అరుస్తున్నాను. ఏమని అరిచానో తెలియదు.

వెనక బండి డ్రైవరు ఎప్పుడు దిగాడో, మనవడి బండి మెట్టెక్కి తలుపు లాగి, "నిప్పాట్రా! నిప్పాట్రా!" అని వాడి చెవిలో అరిచాడు. బండి ఆగింది.

ఆమె పాత్ర పట్టుకునే మా ముగ్గురినీ వంశాలతో సహా తిట్టింది. ఆమెకు దెబ్బ తగలలేదు. నేను అది మళ్ళీ మళ్ళీ చూసి నమ్మకం కుదుర్చుకున్నాను.

వెనక బండి డ్రైవరు నామక్కల్ మనిషి, భారీ మీసాలు. అతను అన్నదంతా అరవంలోనే. "ఎవడ్రా నీకు నేర్పింది? వాణ్ణి తెచ్చి ఇక్కడ నిలబెట్టు, వాడి మీదుగా పోనిస్తా." మనవడు తల దించుకున్నాడు. అతను నా వైపు తిరిగాడు.

"నువ్వెవరు పెద్దాయనా, చేతులూపావు?"

"వాడి తాతను."

"డ్రైవరువా?"

"అవును."

"ట్రైలరా?"

"కాదు."

"మరి ఎందుకు ఊపావు?"

ఊరుకోలేక ఊపాను. తెలియకుండా నేర్పబోయాను. వారం రోజులుగా ఎవరి మీద మండిపడుతున్నానో వాళ్ళంతా చేసింది కూడా ఇదేనేమో అనిపించి, వెంటనే కాదు అనిపించి, ఏదీ తేలక, విరిగిన గొడుగు కమ్మీ ఏరి ఇడ్లీ బండి మీద పెట్టాను.

అతను మనవణ్ణి దింపి, తానెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ ఆడించి బండిని గేటులోకి పెట్టేశాడు. ఒక్క అడుగు కూడా సందులో నడవలేదు. నడవకుండా ఎలా తీశావయ్యా అని ఆగలేక అడిగాను. "ఈ సందుకు వారంవారం వస్తా. నడవడానికేముంది?" అన్నాడు. మా గురువు ఉంటే ఒప్పుకునేవాడో కాదో.

పోతూ పోతూ మనవడి భుజం మీద ఒకటి చరిచాడు. "సరుకు దించుకుని ఖాళీ బండితో బయట ఆగు. నాదీ దించుకుని వస్తా. ఎదర ఖాళీ జాగా ఉంది, అక్కడ చూపిస్తా. తాత మాత్రం చేతులూపకూడదు."

అతనికి ఆ పని ఎవరూ చెప్పలేదు. చెయ్యకపోయినా అడిగేవాళ్ళు లేరు. చెయ్యవలసినవాళ్ళకు గదులున్నాయి, విజిళ్ళున్నాయి. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి అది నేరుగా ఆ శ్రీకాకుళం కుర్రాడి మీదికి పోయింది. వస్తానని మాటిచ్చి రానివాడు వాడొక్కడే. మనవడి ఫోను తీసుకుని దాంతో చేశాను. నా నంబరు కాదు గనక వెంటనే ఎత్తాడు. ఇడ్లీ బండి దగ్గర నిలబడి, విరిగిన గొడుగు కమ్మీ చూస్తూ, జరిగిందంతా చెప్పాను. ఒక మనిషి చచ్చిపోయేదని చెప్పాను. ఆదివారం ఎందుకు రాలేదు, వాడికి ఎందుకు నేర్పలేదు, జవాబు చెప్పి ఫోను పెట్టు అన్నాను. అవతల లారీల మోత మధ్య అన్నాడు:

"తిట్టండి తాతగారూ, పడతాను. నాకొత్తే కదా ఆడికి నేర్పడానికి? నాను జేరి యేడాది కూడా అవనేదు, నాకు ట్రైనింగిచ్చినోడూ గేటు కాడే దిగిపోయీవోడు. సరుకు దింపే కాడల్లా ఎవుల్నో ఒకల్ని బతిమాలుకుని తీయించుకుంటన్నాను, మీకా మాట సెప్పడానికి సిగ్గేసి ఫోనెత్తనేదు. ఆ నామక్కల్ ఆయన ఇంకా అక్కడే ఉన్నాడా? ఉంటే కాసింత ఆగమనండి, నాను కూడా వచ్చేత్తాను."